సూపు మిఠాయి కాదన్న మా అమ్మమ్మ

మా అమ్మమ్మ గున్‌వోర్ హెర్నోసాండ్ అనే ఊళ్లో బడి వంటశాలను ముప్పై ఒక్కేళ్లు ఏలింది. పిల్లల తిండి విషయంలో ఆమెకు ఎదురు చెప్పినవాళ్లకు రెండో గరిటె పడేది కాదు. రిటైరయ్యాక ఆ రాజ్యమంతా కుంచించుకుపోయి మా చెల్లి తూవా మీద పడింది.

ఆ రాజ్యంలో మొదటి చట్టం, మిఠాయి శనివారమే తినాలి. శుక్రవారం సాయంత్రం జెల్లీ బిళ్ల నోట్లో వేసుకుంటే అమ్మమ్మ చూపుకు అది గొంతులోనే ఆగిపోయేది. పక్కింటివాళ్లు మంగళవారం పిల్లలకు చాక్లెట్ పెట్టారని తెలిసి నాలుగు నెలలు వాళ్లను పలకరించలేదు.

తూవాకు ఏడాది నిండుతుండగా పళ్ల క్లినిక్ నుంచి రమ్మని ఉత్తరం వచ్చింది. అమ్మకు ఆస్పత్రి డ్యూటీలు. పగలంతా పిల్లను చూసుకునేది అమ్మమ్మే కనుక ఉత్తరం ఆమె చేతికే చేరింది.

"ఉన్నవి నాలుగు పళ్లు. వాటికో డాక్టరా? అవీ రేపో మాపో ఊడిపోయేవేగా!" అంటూ దాని వెనక ఉల్లిపాయలు, వెన్న, బంగాళాదుంపలు అని సరుకుల చీటీ రాసేసింది. తర్వాత వచ్చిన ఉత్తరం వెనక చేపల లెక్క రాసింది.

తూవాకు రెండేళ్లు దాటాయి. ఒకరోజు అది పకపకా నవ్వుతుంటే పైపళ్ల మీద గోధుమరంగు గీత కనిపించింది.

"అమ్మమ్మా, ఇదేంటి?"

"చాక్లెట్ అంటుకుందేమో."

"ఇవాళ బుధవారం."

అమ్మమ్మ తూవా గడ్డం పట్టుకుని పైకెత్తింది. కొంగున్న దేశమైతే కొంగుతో తుడిచేది. ఏప్రన్ అంచుతో రుద్దింది. గీత పోలేదు. ఆ మధ్యాహ్నమే క్లినిక్‌కి తానే ఫోన్ చేసింది.

డాక్టర్ శిరీన్ తూవాను అమ్మమ్మ ఒళ్లోనే కూర్చోబెట్టి చూసింది. మిఠాయిలు ఎప్పుడెప్పుడు తింటుందని అడిగింది.

"శనివారం ఒక్కసారే. ఊరంతా వెతుక్కో అమ్మాయ్, ఇంత నియమం ఇంకో ఇంట్లో ఉండదు."

"మరి నిద్రపుచ్చేటప్పుడు సీసాలో?"

"అడవిగులాబీ కాయల సూపు," అంది అమ్మమ్మ గర్వంగా. "మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి."

"అందులో చక్కెర ఉంటుంది కదమ్మా."

"అది సూపు!"

"తియ్యటి సూపు. చప్పరిస్తూ నిద్రపోతే పళ్లు అందులోనే నానుతాయి."

"బడిలో వేల గిన్నెలు వడ్డించానమ్మాయ్!"

"వాళ్లు గిన్నె ఖాళీ చేసి ఆటకు పరిగెత్తారు. సీసా పట్టుకుని పడుకోలేదు."

నేను ఊరుకోలేకపోయాను. "అంటే అమ్మమ్మా, మన తూవాకి వారానికి ఏడు శనివారాలన్నమాట."

"నువ్వు నోర్ముయ్." ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "పళ్లు పోతాయా తల్లీ?"

"సీసా మానిపిస్తే ఇక్కడితో ఆపొచ్చు. మొదటి పన్ను వచ్చినప్పుడే, మొదటి పుట్టినరోజు లోపు తీసుకొస్తే ఈ మాట అప్పుడే చెప్పేదాన్ని. ఇవి ఊడడానికి ఇంకా నాలుగైదేళ్లుంది. అప్పటిదాకా నొప్పి లేకుండా నమలాలిగా. మా ఉత్తరాలు అందలేదా?"

"అందాయి," అంది అమ్మమ్మ. ఉల్లిపాయల సంగతి చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం సీసా లేదు. కప్పులో మంచినీళ్లు ఇస్తే తూవా కప్పును గోడకేసి కొట్టింది. "సూపూ!" అని మూడు అంతస్తులూ దద్దరిల్లేలా ఏడ్చింది.

"పోనీ ఒక్క గుక్క ఇవ్వకూడదూ?" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"గిన్నెలు పట్టుకుని వంద మంది వెంటపడ్డా లొంగలేదు. నీకు లొంగుతానా?" అంది కానీ కళ్లు ఎర్రబడ్డాయి. పన్నెండు కిలోల పిల్లను భుజాన వేసుకుని వంటింట్లో పచార్లు మొదలుపెట్టింది. "తిట్టవే తల్లీ, నన్నే తిట్టు."

ఐదో రోజుకు తూవా నీళ్లు తాగి భుజం మీదే నిద్రపోయింది. అమ్మమ్మ చెయ్యి తిమ్మిరెక్కినా దించలేదు. చూపుడువేలితో దాని పైపెదవి మెల్లగా ఎత్తింది.

"నా కళ్లకు ఆనడం లేదు. నువ్వు చూడు. గీత పెరిగిందా?"

వంగి చూశాను. "లేదు."

"సరిగ్గా చూడు," అంది.