పడవలు కదలకముందే

ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. డెబ్భైల నాటి మాట అది. అప్పటి చీరలు చిరిగి మసిగుడ్డలయ్యాయి. అప్పటి పడవలు పుచ్చిపోయి పొయ్యిలోకి వెళ్లాయి. అప్పటి పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట మాత్రం నాతోపాటు ముసలిదవుతోంది, చావడం లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు, అందుకే మీ ముందు పెడుతున్నాను.

మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్లు. మగవాళ్లది చేపల వేట. లంక దాటి గట్టుకు రావాలంటే పడవ కావాలి. గట్టెక్కి రోడ్డు పట్టుకుంటే హనుమాన్ జంక్షన్, అక్కణ్ణుంచి బెజవాడ. కాన్పు కష్టమైతే పెద్దాసుపత్రి ఉన్నది అక్కడే. అందుకని మా లంకలో కడుపుతో ఉన్న ఆడదానికి నొప్పుల భయం తర్వాత, పడవ భయం ముందు. నొప్పులొచ్చే వేళకు రేవులో పడవ ఉంటుందా, ఉండదా? నెలలు నిండిన ప్రతి ఆడదీ పొద్దున లేవగానే రేవు వైపు చూసేది.

నేను ఆ ఇంటికి పెద్దకోడల్ని. చిన్నకోడలు మంగ. తల్లి లేని పిల్ల. అందుకే తొలిచూలుకు పుట్టింటికి వెళ్లకుండా మా దగ్గరే ఉండిపోయింది. నన్ను అక్కా అని పిలిచేది. ఉప్పు ఎంత వేయాలన్నా, జడ ఎలా వేసుకోవాలన్నా నన్నే అడిగేది. నేను చెబితే అది వేదం.

మంగ సంగతి చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పాలి. సాకు చెబుతున్నానని అనుకోకండి. సాకేనేమో కూడా. మీరే చూడండి.

అంతకు రెండేళ్ల ముందు నా రెండో కాన్పప్పుడు నాకు నొప్పులు మొదలయ్యాయి. వేటకు వెళ్లిన మా పడవను కేకలేసి సరస్సు నడుమ నుంచి వెనక్కి పిలిపించారు. పడవ, బస్సు, రిక్షా, ఇన్ని మారి బెజవాడ ఆసుపత్రిలో దిగేసరికి నొప్పులు ఎటు పోయాయో పోయాయి. నర్సమ్మ చేత్తో తడిమి చూసి, "దొంగ నొప్పులమ్మా, ఇంటికెళ్లు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చేస్తుంటే ఆవిడే జాలిపడి మళ్లీ పిలిచి ఒక మాట చెప్పింది. నొప్పులు వస్తాయి, పోతాయి, వాటిని నమ్మొద్దు. నీళ్లు పోయాయంటే మాత్రం నొప్పి ఉన్నా లేకపోయినా ఆగొద్దు. అందులోనూ ఆ నీళ్లు ఆకుపచ్చగా కనబడ్డాయంటే ఉన్నపళంగా బయల్దేరు. బిడ్డకు లోపల కష్టంగా ఉందని అర్థం.

ఈ మాట లంక మొత్తం మీద నా ఒక్కదానికే తెలుసు.

ఇంటికొచ్చాక లంక నన్ను వదల్లేదు. నొప్పుల పేరు చెప్పి బెజవాడ చూసొచ్చిందని ఒకటే నవ్వు. రేవులో బిందె ముంచుతుంటే ఎవరో ఒకరు, "ఏమమ్మా, ఈసారి కొండమీద అమ్మవారిని చూస్తావా, బ్యారేజీ చూస్తావా?" అనేవారు. అత్త నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వలలో చేప పడని ప్రతిరోజూ, పడవను వెనక్కి తిప్పించిన కోడలు ఇంట్లో ఉంటే చేప ఎట్టా పడుద్ది అనేది. తర్వాత నాకు నిజం నొప్పులొచ్చినప్పుడు చీర కొంగు నోట్లో కుక్కుకుని బిడ్డ తల కనబడేదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు మంత్రసాని వచ్చింది, నేనూ నా కూతురూ బతికి బయటపడ్డాం. అదృష్టం. కానీ నేను దాన్ని తెలివి అనుకున్నాను.

ఇక ఆ రోజు.

కొత్త వలను నీళ్లలో వేసే రోజది. మా లంకలో అది పండగ కంటే ఎక్కువ. వలకు పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు కోడిని కోసి, అందరి పడవలూ ఒక్కసారే కదులుతాయి. ఆ రోజు కదిలిన పడవను వెనక్కి తిప్పకూడదు, కదలబోయే పడవను ఆపకూడదు. ఆపితే ఏడాదంతా గంగమ్మ మొహం చాటేస్తుందని మా వాళ్ల నమ్మకం. అత్త రేవులో పూజ దగ్గర ఉంది. మా ఆయనా మరిదీ వల సర్దుతున్నారు. నేను పెరట్లో దడి వెనకాల అంట్లు తోముతున్నాను. మంగ గోడ పట్టుకుని వచ్చింది.

"అక్కా, లేవగానే కాళ్లెంట నీళ్లు కారినయ్యి. లంగా అంతా తడిసిపోయింది."

"నొప్పులొస్తన్నాయా?"

"లేదక్కా. ఊరికే కారతన్నయ్యి. ఆయన్ని ఆగమని చెప్పనా? పడవలింకా కదల్లేదు."

మార్చిన లంగా దాని చేతిలోనే ఉంది. తీసుకుని చూశాను. నాచు పట్టిన తొట్టిలో నీళ్ల రంగు. లేతగా, కానీ అదే రంగు. నర్సమ్మ గొంతు చెవిలో వినబడింది. అబద్ధం చెప్పను, స్పష్టంగా వినబడింది.

"ఊరుకోవే," అన్నాను. "అయ్యి ఆ నీళ్లు కావు. నెలలు నిండితే ఒంటేలు ఆగదు, అందరికీ అంతే. ఇయ్యాల పడవ ఆపావంటే లంకంతా నవ్వుద్ది. అత్త బతకనియ్యదు. నన్ను చూళ్లా?"

"అంతేనంటావా అక్కా?"

"అంతే. పోయి పడుకో."

దాని మొహం తేటపడింది. భయం నా మీద పెట్టి తేలిగ్గా వెళ్లిపోయింది. ఆ లంగాను నేను అక్కడే నీళ్లలో జాడించాను. రంగు పోయేదాకా జాడించాను. రేవులో డప్పులు మోగాయి. పడవలు కదిలాయి.

ఎందుకు చేశాను? నవ్వుతారన్న భయమేనని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ నవ్వితే నవ్వేది దాన్ని కదా, నన్ను కాదు కదా. మరి నాకేమిటి? పడవ ఆగి, బెజవాడ వెళ్లి, అది నిజం కాన్పేనని తేలి, పండంటి బిడ్డతో తిరిగొస్తే, చిన్నకోడలు తెలిసిన మనిషి, పెద్దకోడలే దొంగ నొప్పుల మనిషి అని లంకలో స్థిరపడిపోతుందే అన్న ఆలోచన ఆ క్షణంలో నాలో ఏ మూలైనా కదిలిందా? కదిలిందనే అనుకుంటున్నాను. దాన్ని తలుచుకుంటే నాకు నేనే భయం.

మధ్యాహ్నానికి మంగకు నొప్పులు పట్టుకున్నాయి. అత్త జీలకర్ర కషాయం కాచి తాగించింది. దొంగ నొప్పులైతే దానితో సర్దుకుంటాయి, నిజమైనవైతే ఇంకా ముదురుతాయి. అది మా ఇళ్లలో పరీక్ష. నొప్పులు ముదిరాయి. "నిజమైనయ్యే," అంది అత్త, "తొలిచూలు గదా, టైం పడుద్ది. మంత్రసాని పక్క లంకకెళ్లింది. మగాళ్లు రానీ." మగాళ్లు పొద్దువాలితే గానీ రారు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. నీళ్లు పోయాయత్తా అంటే, ఎప్పుడు అంటుంది. పొద్దున అంటే, మరి ఎందుకు చెప్పలేదు అంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. మంగ నా చెయ్యి పట్టుకుని పడుకుంది. మధ్యమధ్యలో నా మొహంలోకి చూసేది, అంతా సవ్యంగానే ఉందా అన్నట్టు. నేను తల ఊపేదాన్ని.

కాసేపటికి మంగ నెమ్మదిగా అంది. "అక్కా, లోపల కదలట్లేదు."

పరుగెత్తాను. వేటకు వెళ్లడం మానేసిన సుబ్బయ్య తాత ఒక్కడే మగమనిషి లంకలో. రేవులో బోర్లించిన పాత దోనె ఒక్కటే మిగిలింది, అడుగున చిల్లి. తాత గుడ్డపేలికలు కుక్కి, గెడ పట్టుకుని, "నీళ్లు తోడుతా కూకో, ఆపమాక" అన్నాడు. మంగను పడుకోబెట్టాం. అత్త రేవులో నిలబడి గంగమ్మకు దణ్ణాలు పెడుతోంది. నేను సత్తు గిన్నెతో నీళ్లు తోడుతూనే ఉన్నాను. తోడినకొద్దీ వస్తున్నాయి. దారి నడుమ గుర్రపుడెక్క కమ్ముకుని దోనె ఆగిపోయింది. తాత గెడతో పొడుస్తున్నాడు, కదలడం లేదు. మంగ మూలుగుతోంది. నేను నడుములోతు నీళ్లలోకి దిగి, ఆ డెక్కను చేతులతో పీకి, దోనెను తోశాను. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు. కానీ నిజం చెప్పాలంటే, ఆ భయంలో మంగ చచ్చిపోతుందన్నది సగమే. మిగతా సగం, బతికి నోరు విప్పుతుందేమోనని.

ఇంతకంటే నీచమైనది నేను రాయలేను.

గట్టు మీద చేపల లారీ దొరికింది. డ్రైవరు మంచివాడు, ఏమీ అడగకుండా ముందు ఎక్కించుకున్నాడు. జంక్షన్‌లో కాంపౌండరు చూసి, ఇక్కడ కాదు, బెజవాడే అన్నాడు. ఆసుపత్రిలో మంగను బల్లమీదకు చేర్చగానే డాక్టరమ్మ అడిగింది.

"ఉమ్మనీరు ఎప్పుడు పోయిందమ్మా?"

"ఇప్పుడేనండి," అన్నాను. "లారీలో వస్తంటే."

మంగ కళ్లు తెరిచి నా వంక చూసింది. కళ్లు మూసుకుంది.

బిడ్డ నల్లబడి పుట్టాడు. ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని కొట్టారు, ఊదారు, ఇంకేవో చేశారు. నేను తలుపు బయట నిలబడి, దేవుళ్లందరి పేర్లూ అయిపోయాక గుణదల మేరీమాతకు కూడా మొక్కాను. చివరికి పిల్లిపిల్ల లాంటి కూత వినబడింది.

మగాళ్లు మర్నాడు వచ్చారు. మా మరిది నా కాళ్లమీద పడ్డాడు. చిల్లి దోనెలో నీళ్లు తోడుకుంటూ తోడికోడల్ని బతికించుకున్న మనిషినని లంకంతా చెప్పుకుంది. బెజవాడ ఎగతాళి ఆ రోజుతో ఆగిపోయింది. ఏనాడూ మంచిమాట అనని అత్త, నువ్వు లేకపోతే ఇద్దరూ పోయేవాళ్లే అంది. ఆ ఏడు కొత్త వలకు చేప విరగబడింది కూడా. నాకు అన్నం సహించలేదు.

వాడి పేరు ఏడుకొండలు. ఎడమకాలు ఈడుస్తాడు. ఒక చెయ్యి ముడుచుకుపోయింది. వాడి మాట ఇంట్లోవాళ్లకు తప్ప అర్థం కాదు. మనసు మాత్రం వెన్న. పుట్టుకతోనే అంత, దేవుడి రాత అన్నారు అందరూ. నేనూ తల ఊపాను.

మంగకు తెలుసా? ఎన్ని రాత్రులు నన్ను నేనే ప్రశ్నించుకున్నానో. అది నన్ను ఒక్క మాట అనలేదు. అక్కా అనడం మానలేదు. కానీ రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, నెలలు నిండకముందే మొగుణ్ణి తీసుకుని బెజవాడ వెళ్లి, ఆసుపత్రి పక్క వీధిలో గది చూసుకుని ఉండిపోయింది. వెళ్లేముందు నన్ను ఏమీ అడగలేదు. ఉప్పు ఎంత వేయాలో కూడా అడిగే మనిషి.

నిరుడు మంగ పోయింది. చివరి రోజుల్లో నేనే చేశాను దానికి. ఒకరోజు ఎవరూ లేనప్పుడు, మంగా, ఆ రోజు పొద్దున, అన్నాను. అది చెయ్యెత్తి నా నోటిమీద పెట్టింది. వద్దన్నదో, తెలుసన్నదో, అలిసిపోయిందో. క్షమించిందనుకుందామని చూశాను. అలా అనుకునే హక్కు నాకు లేదు.

ఇప్పుడు ఏడుకొండలు నా దగ్గరే ఉంటాడు. వాడికి జుట్టు నెరిసింది. అన్నం ముద్దలు చేసి పెడితే తింటాడు. తిన్నాక రోజూ ఒకటే అడుగుతాడు. "పెద్దమ్మా, గిన్నె కథ చెప్పు." వాడు పుట్టిన రోజు కథ. చిల్లి దోనె దగ్గర మొదలుపెడతాను. నీళ్లు తోడటం, గుర్రపుడెక్క, లారీ అన్నీ చెబుతాను. వాడు ఆ బాగున్న చేత్తో నాతోపాటు నీళ్లు తోడతాడు, నవ్వుతాడు. ఆ కథ అక్కడ మొదలవదని వాడికి తెలియదు. తెలిస్తే నా చేతి ముద్ద తింటాడా? తినకపోతే వాడికి ఎవరు పెడతారు? ఇదీ సాకే కాబోలు. ఎన్ని సాకులో.

లంకలో ఇప్పటికీ నెలలు నిండిన ఆడపిల్లలు నా దగ్గరకొచ్చి, వెళ్లాలా, ఆగాలా అని అడుగుతారు. వాళ్లు ఏం చెప్పినా, ఎంత చిన్నది చెప్పినా, బయల్దేరమంటాను. కొందరు వెళ్లి ఊరికే తిరిగొస్తారు. ముసలిది చాదస్తంతో ఊరంతటికీ బెజవాడ చూపిస్తోందని నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ డాక్టరమ్మ ఇప్పుడు ఉందో లేదో. ఆవిడ అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆవిడ తరఫున మీరు వినండి.

లారీలో కాదండి. పొద్దున్నే పోయింది. ఆకుపచ్చగా ఉందండి. పడవలు ఇంకా కదల్లేదు. నాకు తెలుసండి.