మూత మీద చెయ్యి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని, తూచి చూడనిదే దేన్నీ ఒప్పుకోను. మా ఇంట్లో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళి లైటు వేస్తాను. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు తూచినా లెక్క కుదరడం లేదు.

డెబ్బైల చివరి మాట. ఇప్పుడు హైటెక్ సిటీ అంటున్న వైపు అప్పుడు బండరాళ్ళు, తంగేడు పొదలే. ఆ పొదల్లోంచి నడిచి యూనివర్సిటీకి వెళ్ళేదాన్ని. ఎమ్మెస్సీలో అనలిటికల్ కెమిస్ట్రీ. ల్యాబు చెప్పేది సుభద్ర మేడం, కాకినాడ మనిషి. తిట్టేవారు, తిట్టాక తన డబ్బాలోంచి పులిహోర పెట్టేవారు. ఆవిడంటే నాకు ప్రాణం.

మా పనిలో సగం ఎదురుచూడటమే. ద్రావణంలోంచి దిగిన తెల్లటి మడ్డిని వడగట్టి, చిన్న పింగాణీ గిన్నెలో ఎర్రగా కాల్చి, డెసికేటర్లో చల్లార్చి, అప్పుడు తూచాలి. డెసికేటర్ అంటే లోపలికి తేమ రానివ్వని మందపాటి గాజు పాత్ర. వ్యాసలైన్ రాసిన దాని మూతను పైకెత్తరు, పక్కకు జరుపుతారు. గిన్నె వేడిగా ఉండగానే తూస్తే బరువు తక్కువ చూపించి లెక్కంతా తప్పుతుంది. నేనెప్పుడూ చేసే తప్పు అదే. నేను తొందరపడి మూత జరపబోతే మేడం తన అరచెయ్యి దానిమీద అదిమిపెట్టి నిలబడేవారు.

“చల్లారనివ్వు తల్లీ. దానికి లేని తొందర నీకెందుకు?” అనేవారు. నాకు ‘కంగారు పిల్ల’ అని పేరు పెట్టిందీ ఆవిడే.

చివరి పరీక్షకు కొద్ది వారాల ముందు గుండెపోటుతో పోయారు. ల్యాబులో ఆవిడ స్టూలు మీద మేమెవరం కూర్చోలేకపోయాం.

నాన్న ముందే తేల్చి చెప్పాడు. “పాసైతే మందుల ఫ్యాక్టరీల కొలువు జెయ్. తప్పినవనుకో, ఇగ చదువు సాలు, ఇంట్ల కూసో.”

ప్రాక్టికల్ పరీక్ష రోజు మధ్యాహ్నం అందరి తూకాలూ అయిపోతున్నాయి. నా గిన్నె అప్పుడే డెసికేటర్లోకి వెళ్ళింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గడియారం చూసుకుంటున్నారు. ఇక ఆగలేక మూత జరపబోయాను. కదల్లేదు. రెండు చేతులతో నెట్టాను. బల్ల ఊగింది గానీ మూత ఊగలేదు. పై ప్రాణం పైనే పోయింది. ఎగ్జామినర్ వచ్చి తనూ నెట్టి చూశారు.

“బిగుసుకుపోయినట్టుందమ్మా. కాసేపు ఆగి చూడండి, టైం ఇస్తాను,” అన్నారు.

పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. అది మేడం స్టూలని తర్వాత గానీ తెలియలేదు.

పాత్ర పూర్తిగా చల్లారాక మూతకు ఒక్క వేలు ఆన్చాను. దానంతటదే అన్నట్టు పక్కకు జరిగింది. తూచాను. లెక్క సరిగ్గా వచ్చింది.

ఇదంతా నా భ్రమ అనడానికీ లేదు. పక్క బల్ల దగ్గరున్న నా స్నేహితురాలు పద్మ బయటికొచ్చాక అడిగింది. “ఏందే, గంతసేపు ఆ మూతతోని కుస్తీ పట్టినవ్? నాకే పరేషానైంది.”

నిజానికి డెసికేటర్ మూత బిగుసుకోవడం వింతేమీ కాదు. లోపలి గాలి చల్లారేకొద్దీ కుంచించుకుని మూతను లాగి పట్టుకుంటుంది. అంటే వేడిగా ఉన్నప్పుడు వదులుగా ఉండాలి, చల్లారాక బిగియాలి. ఆ రోజు జరిగింది తలకిందులు. తెలిసినవాళ్ళను అడిగితే వ్యాసలైన్ ఎండిందన్నారు, ఇసుక రేణువు పడిందన్నారు. కావచ్చు. ఎండిన వ్యాసలైన్ వేలితో తాకితే ఎందుకు వదిలిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేను.

ఉద్యోగం వచ్చింది. ఫ్యాక్టరీలో మొదటి రోజు డెసికేటర్ ముందు నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, “తియ్యనా మేడం?” అని అడిగాను. రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను.