కొసరుగా పోయిన కుక్కరుతల దొర

మూడు తరాలుగా లాభం తప్ప ఎరగని బట్టల కొట్టును ఒక్క మధ్యాహ్నంలో, కూర్చున్న పరుపు మీంచి లేవకుండా ముంచిన ఘనత నర్సీపట్నంలో ఇంకెవరికీ లేదు. నాకుంది. బేరమాడి మరీ మునిగాను, వినండి.

మునగడం వైజాగ్ ఫుట్‌పాత్ మీద మొదలైంది. నాలుగు బొమ్మల సీడీలు చూపించి, ఒక్కోటి యాభై అన్నాడు అమ్మేవాడు. నాలుగూ కలిపి అరవై అన్నాను నేను. "తీస్కో" అన్నాడు. బేరగాడన్నవాడు అక్కడే సరుకు కిందపెట్టి పరుగెత్తాలి. నేను ఇంటిదాకా మీసం మెలేసుకుంటూ వచ్చాను.

తీరా చూస్తే అది పిల్లల బొమ్మలాట కాదు, పెద్దల కోసం తీసిన విదేశీ కార్టూన్ సీరియల్. అందులో ఒక దొరగారికి తల ఉండాల్సిన చోట ప్రెషర్ కుక్కరు. కోపమొస్తే మూడు కూతలు, ఆపైన పేలుడు. నెత్తురు గోడలకి, చేతులు ఫ్యానుకి. ఒక పిల్లి డాక్టరు ముక్కలు ఏరి కుట్టేది. ఏదైనా తక్కువొస్తే పక్కింటివాడి ఒంట్లోంచి భర్తీ చేసేది. అర్థం అడక్కండి. నాకొచ్చిన ఇంగ్లీషు సగమే, ఆ సగానికీ అక్కడ వినపడ్డవి బూతులే. అయినా ప్రేమలో పడ్డాను.

నాన్న సరుకు కోసం వెళ్తూ చెప్పారు: "ఒరేయ్, ఎస్. రాయవరం వోళ్లు పెళ్లిబట్టలకొస్తారు. బేరం లాభంతో తెంపితే గల్లాపెట్టె తాళం నీది. లేదా, మీటరు కర్రట్టుకుని అలాగే ఉండు."

వాళ్లొచ్చేసరికి కొట్లో టీవీ మీద నాలుగో సీడీ నడుస్తోంది, దొరగారి తల అప్పుడే పేలింది. రిమోటు నా చేతిలోనే ఉంది. నొక్కలేదు. కొత్త తల బిగించే ఘట్టం వదులుకుని చీరలు చూపించేటంత కఠినుణ్ని కాను.

కోడలు చీరల ముందు కూర్చుంది. అత్తగారు, అంటే పెళ్లికూతురి నాయనమ్మ, టీవీ ముందు చతికిలబడింది.

"ఏటి బాబూ ఇది?"

"పురాణమండి మామ్మగారూ." ఎందుకన్నానో నాకే తెలియదు.

"ఏ పురాణం?"

"దొరలదండి."

"ఆళ్లకీ ఉన్నాయేటి పురాణాలు!"

"పాపాలున్నచోట పురాణాలుండవాండీ?"

"మరా తలకాయేటి, అలా పేలిపోనాది?"

"మునిశాపమండి. అన్నం మాడ్చాడని."

అబద్ధం పాత గుడ్డకి పడ్డ చిరుగు లాంటిది, ఒక కుట్టుతో ఆగదు. కాసేపటికి నాలో హరిదాసు లేచాడు.

"బాబూ, ఈ పట్టుచీర పన్నెండొందలేసుకో," అంది కోడలు. మేం కొన్నదే పదిహేనొందలకి.

"సరేనమ్మా. ఇదిగో మామ్మగారూ, పిల్లి సూది తీసిందా…"

"మరి ఈ పంచెలెంతకిస్తావు?"

"నీ ఇష్టమమ్మా. అయ్యో, ఆ చెయ్యి దొరది కాదండీ!"

"ఓలమ్మో! మరెవుడిదేటి?"

"పక్కింటోడిదండి!"

సరిగ్గా పిల్లి కొత్త తల కోసం బీరువా తెరవబోతుండగా మామ్మ లేచింది. బట్టల మూట సిద్ధం. డబ్బు చేతిలో పెట్టి, "కొసరేటిస్తావు?" అంది.

"ఏం కావాలండి?"

"ఆ బిళ్ల." వేలు సీడీ ప్లేయరు మీదుంది.

"పురాణమండి, అమ్మకూడదు…"

"అమ్మమన్లేదు బాబూ, కొసరడిగేను. మా మనవడు ఇశాపట్నం హాస్టల్లో ఇలాటియే సూస్తాడు. పురాణం కాదని గుమ్మంలోనే తెలుసు నాకు."

"మరి నాచేత అంతసేపెందుకు చెప్పించారు?"

"నీ నోరు కతలో ఉంటే మా కోడలి నోరు బేరంలో ఉంటాది. ఊరికే అడిగితే తగ్గించే ముకమేటి నీది?"

అసలు కంటే కొసరు ముద్దు. బిళ్ల తీసిచ్చాను.

నాన్న వచ్చి బిల్లు చూశారు. "కొన్న ధరకి తక్కువమ్మేవేట్రా?"

"పురాణం చెప్పాను నాన్నా."

"సంభావన ఎవులిచ్చేరు?"

"మనమే."

ఆనాడే మీటరు కర్ర మీద చెయ్యేసి ప్రతిజ్ఞ చేశాను: కొట్లో కథ చెప్పను. చెప్పక తప్పకపోతే, ముందు ధర తెంపి తరవాత చెబుతాను.

ఇక లెక్క, పైసా దాచకుండా. చీరల మీద పోయింది నెల లాభం. పంచెల సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. తాళం నాన్న మొలతాడుకే ఉండిపోయింది. నాలుగో సీడీ ఎస్. రాయవరం చేరింది.

ఆ మధ్య మామ్మ బస్టాండులో కనపడితే ఆగలేక అడిగాను: "మామ్మగారూ, చివరికి దొరకి ఏ తల బిగించారండి?"

"సెప్తాను గానీ, జాకెట్టు గుడ్డ ఒకటియ్యి."

భుజాన ఉన్న సరుకు మూట విప్పి ఇచ్చాను.

"ఇడ్లీ పాత్ర, బాబూ."

అదీ కలపండి: జాకెట్టు గుడ్డ, ఒకటి.