మస్తానన్న ఔటైన శుక్రవారం

నిన్న ఈ గల్ఫ్ దేశంలో, మిష్రిఫ్‌లో నేను నడిపే మా యజమానురాలి కారులో తెగిన వైరుకు నల్లటేపు చుడుతుంటే ఆ జిగురు వాసనకు మస్తానన్న గుర్తొచ్చాడు. టెన్నిస్ బంతికి అదే టేపు చుట్టి శుక్రవారాలు ఇసుకలో క్రికెట్ ఆడేవాళ్లం. ఆయనది రాయచోటి. అల్ రాయ్‌లో మెకానిక్, అక్కడి జట్టుకు కెప్టెన్.

నేను రెండేళ్లు సల్వా డ్రైవర్ల జట్టులో ఆడాను. వాళ్లు నన్నెప్పుడూ ఏడో నంబరులోనే దింపేవారు. మస్తానన్న ఓపెనర్‌గా రమ్మన్నాడు. ఆ ఊపులో, అన్ని జట్లూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇక అల్ రాయ్‌కే ఆడతానని ప్రకటించేశాను. శభాష్ అంటారనుకున్నాను.

"రెండేండ్లు మాతో తిని పోయినాడు సూడు!" అన్నారు సల్వావాళ్లు. "ఈ పొద్దు వాళ్లను ఇడిసినోడు రేపు మనల్ని ఇడవడా?" అన్నారు అల్ రాయ్ అభిమానులు. ఎటూ కాకుండా పోయానని ఏడుపొచ్చింది. అప్పుడు మస్తానన్న వాయిస్ మెసేజ్ వచ్చింది: "వచ్చినాడు, ఆడతాడు. ఖలాస్."

తొలి మ్యాచ్ సల్వాతోనే. మాలో బ్యాటింగ్ చేసే జట్టువాళ్లే అంపైరుగా నిలబడాలి. నేను బ్యాటు పట్టుకుని సిద్ధంగా ఉంటే మస్తానన్న దాన్ని లాక్కుని, "ఈ పొద్దు నువ్వు అంపైరు, పో" అన్నాడు. ఒళ్లు మండింది. దీనికోసమా నేను జట్టు మారింది?

చివరి బంతికి, మ్యాచ్ సమం చేయాలన్నా రెండు పరుగులు కావాలి. మస్తానన్న రెండో పరుగుకు నావైపే దూసుకొచ్చాడు. బంతి వచ్చి వికెట్లకు తగిలేసరికి ఆయన బ్యాటు ఇంకా గీతకు బెత్తెడు దూరంలో ఉన్నట్టే నాకు కనిపించింది. ఔటివ్వకపోతే సల్వాకు దొంగను, ఇస్తే అల్ రాయ్‌కు ద్రోహిని. వేలు ఎత్తాను.

"వీడింకా సల్వావోడే!" మావాళ్లు విరుచుకుపడ్డారు.

"అరవొద్దు. ఔటన్నాడు కదా, యల్లా నడవండి" అని మస్తానన్న బ్యాటు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఓడిపోయాం. సల్వా కెప్టెన్ వచ్చి నాతో చేయి కలిపాడు.

"నన్నెందుకు నిలబెట్టినావన్నా?" అని తర్వాత ఉక్రోషంగా అడిగాను.

"నీ బ్యాటింగు అందరికీ తెలుసురా. నీ మాటెట్లుంటాదో తెలియాల కదా."

మరుసటి శుక్రవారం ఓపెనర్‌గా దిగాను. ఎవరూ నోరెత్తలేదు.

నిరుడు ఆయన ఇక్కడి పని చాలించుకుని ఊరికి పోతుంటే ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను. దారిలో ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పన్నా, ఆ రోజు నువ్వు ఔటేనా?"

పగలబడి నవ్వాడు. "నాకేం తెలుసురా? తల దించుకోని పరిగెత్తినా. నువ్వు ఔటన్నావు, నేను ఔటయినా."

అంత తేలిగ్గా నా మాట నమ్మిన మనిషి నాకు ఈ దేశంలో ఇంకొకరు దొరకలేదు. ఆ నమ్మకానికి తగినవాడిగా ఉండాలని ఇప్పటికీ నా తాపత్రయం.