పెళ్లికారు క్లచ్చుకు నేను చేసిన వైద్యం

ముహూర్తం ముంచుకొస్తుంటే, మండుటెండలో, పట్టుపంచె కట్టుకున్న పెళ్లికొడుకు చేత కారు తోయించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే. ఆ రోజు మా చిన్నాయన నన్ను కొట్టకుండా వదిలేశాడంటే అది ఆయన దయ అనుకునేరు. రెండు చేతులా కొబ్బరికాయల సంచులు ఉండబట్టి బతికిపోయాను.

అప్పటికే నాకు చిత్తూరులో బట్టల కొట్టు, ఆకాశం రంగు చిన్న కారు ఉన్నాయి. ఆ కారు నా దగ్గరికి రాకముందే ఇద్దరు యజమానుల దగ్గర కాపురం చేసి వచ్చింది. వయసు మళ్లినా మంచి మనిషే, పాపం. ఒక్కటే జబ్బు. ఇంజను ఆడుతూ ఉండగా క్లచ్చు మీద నుంచి కాలు తీస్తే చాలు, పిచ్చుకల గూట్లోకి పాము దూరినట్టు కింద నుంచి ఒకటే "కీచు కీచు కీచు". కాలు కొంచెం ఆనిస్తే టక్కున ఆగేది. తీస్తే మళ్లీ మొదలు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చెవి ఒగ్గి విని, "క్లచ్చు బేరింగు అరిగిపోయిందన్నా. గేరుబాక్సు దించి మార్చాల. కారు నాకాడ వదిలిపెట్టు" అన్నాడు.

"ఇప్పుడు యాడ కుదురుతుందప్పా? మా చిన్నాయన కొడుకు పెండ్లి ఉండాది. పెండ్లికొడుకును ఈ కార్లోనే తిరుచానూరికి తీసుకుపోతానని మాటిచ్చినాను."

"అట్లయితే అట్లనే నడుపుకో. అరిస్తే అరవనీ, ఆడిదాకా పోయొచ్చేదానికి ఏం కాదు. పెండ్లి అయినాక తీసుకురా. అందాకా దేన్నీ కెలకద్దు."

ఆ చివరి మాట వినపడలేదని అబద్ధం చెప్పను. శుభ్రంగా వినపడింది. కానీ కెలకవద్దన్న చోటే చెయ్యి దురద పెట్టే వంశం మాది.

దానికి తోడు ఆ సాయంత్రమే మా చిన్నాయన కారు చూడటానికి వచ్చాడు. ఇంజను ఆన్ చేశాను. ఆయన ముఖం వేపకాయ కొరికినట్టయింది.

"ఇది పెండ్లికారారా, పందికొక్కుల బోనా? బంగారుపాళ్యం నుంచి ఆడపెండ్లోళ్లు వస్తారు. వాళ్ల ముందర ఈ కూతేందిరా?"

"నువ్వేం దిగులు పడద్దు చిన్నాయనా. పెండ్లినాటికి సూది పడితే వినపడాల, అట్ల చేస్తాను."

మరుసటి ఆదివారం ఫోనులో నాలుగు వీడియోలు చూసి, బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాను. మా ఆవిడ సుజాత కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, ఏం చేస్తా ఉండావు?"

"వైద్యం."

"యాడ నేర్చుకున్నావు?"

"ఫోన్లో."

"ఫోన్లో చూసి నువ్వు బిర్యానీ చేసినావే, గుర్తుండాదా? వీధికుక్క గూడా వాసన చూసి మూతి తిప్పుకొని పోయింది."

మేధావులకు ఇంట్లో గౌరవం ఉండదని నాకు తెలుసు కాబట్టి మళ్లీ బానెట్టు కింద తల దూర్చాను. నా ఆలోచన ఎంత గొప్పదో మీరైనా వినండి. క్లచ్చు మీద కాలు ఆనిస్తే శబ్దం పోతోంది. అలాగని ఇరవై నాలుగు గంటలూ కాలు ఆనించి కూర్చోలేం కదా! అందుకని క్లచ్చు కేబులునే బాగా బిగించేస్తే? కాలు లేకపోయినా కాలు పెట్టినట్టే ఉంటుంది! నట్టు బిగించాను. ఇంకొంచెం బిగించాను. చేతికి స్పానరు దొరికిన ఆనందంలో ఇంకా బిగించాను. ఇంజను ఆన్ చేశాను.

నిశ్శబ్దం.

"సుజాతా! ఏమన్నా వినపడతా ఉండాదా?"

"ఏం వినపడలే."

"అదీ వైద్యమంటే!"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేనైతే శబ్దం కుదిరిందని కారుకు మల్లెదండలు చుట్టించాను.

పెళ్లినాడు పొద్దున్నే చుట్టాలందరూ బస్సులో ముందు వెళ్లిపోయారు. నా పక్కన పెళ్లికొడుకు ప్రసాదు. వెనక సీట్లో చిన్నాయన, చిన్నమ్మ, సుజాత. మధ్యాహ్నం లోపు ముహూర్తం. కారు కిక్కురుమనకుండా సాగిపోతుంటే చిన్నాయన నా భుజం తట్టాడు. "అబ్బా, పనోడివేరా!" అన్నాడు. ఆ మాటకు నేను ఊదిన బుడగలా ఉబ్బాను.

పాకాల దాటాక కారు తీరు మారింది. ఇంజనేమో గొంతు చించుకుంటోంది, చక్రాలేమో అత్తారింటికి వెళ్లే కొత్తకోడలిలా కదుల్తున్నాయి. దానికి తోడు ఒక వాసన.

"ఏందన్నా, ఏందో కాల్తా ఉండాది?" అన్నాడు ప్రసాదు.

"రోడ్డు పక్కన ఎవరో చెత్త కాలస్తా ఉండారులేరా."

కాసేపటికి వెనక నుంచి చిన్నాయన గొంతు. "రెండూర్లు దాటినాము గదరా. ఇంకా అదే చెత్తనా?"

అంతలో ఒక ఎత్తు వచ్చింది. యాక్సిలరేటరు నేలకు తొక్కాను. ఇంజను సింహంలా గర్జించింది. కారు గుడి ముందు నందిలా కూర్చుంది. మొదట మామిడికాయల లారీ మమ్మల్ని దాటిపోయింది. తర్వాత ఆటో. ఆ తర్వాత ఒక గొర్రెల మంద, మమ్మల్ని జాలిగా చూసుకుంటూ. చివరికి బానెట్టు కింద నుంచి పొగ లేచింది.

అందరూ దిగారు. కదిలే దిక్కు లేదు గానీ కారుకు మల్లెదండలు! ప్రసాదు పంచె ఎగ్గట్టి వెనక నుంచి తోశాడు. నుదుటి మీది కల్యాణబొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. చిన్నమ్మ ఏడుపు అందుకుంది. రోడ్డు మీద వచ్చే కార్లు ఆగలేదు. అప్పటిదాకా నాలో ఉన్న హాస్యం ఆవిరైపోయింది. నా మూలంగా ముహూర్తం తప్పితే ఈ పిల్లవాడి ముఖం జీవితాంతం ఎలా చూడాలి?

అప్పుడు వెనక నుంచి హారను మోగింది. బస్సు. కిటికీలకు మామిడాకులు. ఆడపెళ్లివారు! పూలు అల్లడం ఆలస్యమై వాళ్లు అప్పుడే వస్తున్నారు. కిటికీలోంచి పెళ్లికూతురు రేవతి తల బయట పెట్టింది.

"ఏమైంది బావా?" అని నన్నడిగింది.

"కారు కదలడం లేదమ్మా."

ఆమె లేచింది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒసే, పెండ్లికూతురివి, నడిరోడ్డు మీద దిగద్దే!"

"పెండ్లికొడుకు ఈడ ఉంటే నేను ఆడికి పోయి ఎవరిని చేసుకునేదిమ్మా?"

దిగింది. పట్టుచీర కుచ్చిళ్లు దోపి, డ్రైవరు సీట్లో కూర్చుని క్లచ్చు తొక్కి చూసింది.

"పెడలుకు కొంచెం గూడా వదులు లేదే. కేబులు ఎవరు బిగించినారు?"

ప్రసాదు, చిన్నమ్మ, సుజాత, ముగ్గురూ నా వైపు చూశారు. చిన్నాయన సంచులు పట్టుకున్న చేతులతోనే నన్ను చూపించాడు.

"శబ్దం వస్తా ఉంటే…" అని నసిగాను.

"ఇంత బిగిస్తే నువ్వు కాలు తీసినా క్లచ్చు తొక్కినట్టే ఉంటుంది బావా. ప్లేటు పట్టుకోకుండా జారి కాల్తా ఉండాది. మా నాయన గూడా ఒకసారి మామిడితోపులో ట్రాక్టరుకు ఇట్లనే చేసినాడు."

బస్సు మెట్టు మీద నిలబడ్డ వాళ్ల నాయన గట్టిగా దగ్గి, దూరంగా కొండల వైపు చూడసాగాడు. ఆ క్షణం నుంచి ఆయనంటే నాకు ప్రాణం.

రేవతి చెప్పినట్టు నట్టు వదులు చేశాను. పెళ్లికొడుకును, పెద్దవాళ్లను బస్సు ఎక్కించారు. బస్సు కదిలాక గానీ నా ఊపిరి కదల్లేదు. కారు చల్లారాక నేనూ సుజాతా మెల్లగా బయలుదేరాం. ఇంజను ఆన్ చేయగానే "కీచు కీచు కీచు"! మీరు నమ్మరు, ఏ సన్నాయి మేళమూ నా చెవికి అంత తీయగా తగల్లేదు.

తిరుచానూరులో మండపంలోకి పరుగెత్తేసరికి ప్రసాదు తాళి కడుతున్నాడు. మూడు ముళ్లూ పడ్డాయి. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. గబగబా అక్షింతలు అందుకుని చెయ్యెత్తబోతే సుజాత నా చెయ్యి లాగేసింది. గ్రీజు అంటుకుని అక్షింతలు నల్లనువ్వుల్లా తయారయ్యాయి మరి.

సాయంత్రం చిత్తూరుకు బయలుదేరేటప్పుడు రేవతి నా ముందు చెయ్యి చాపింది.

"బావా, తాళాలు ఇయ్యి."

"పెండ్లికూతురివి, నువ్వు నడిపేదేందమ్మా?"

"గృహప్రవేశానికి గూడా ముహూర్తం ఉండాదంట."

కొత్త పెళ్లికూతురు స్టీరింగు పట్టుకుంటే పక్కన పెళ్లికొడుకు, వెనక మిగతావాళ్లు దర్జాగా వెళ్లిపోయారు. నేను బస్సులో బంగారుపాళ్యం అమ్మలక్కల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. "కారు బిగించినోడివి నువ్వేనా నాయనా?" అని అడగని ఆడమనిషి ఆ బస్సులో లేదు. మరుసటి రోజే కారును మెకానిక్‌కు అప్పగించాను. బేరింగుతో పాటు కాలిన ప్లేటు కూడా మార్చాడు.

కాబట్టి పాఠకమహాశయులారా, పంచభూతాలూ, నవగ్రహాలూ వినేలా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో, వీలైతే వచ్చే జన్మలో కూడా, అరిచే వస్తువు జోలికి పోను. నమ్మరా? మొన్న మా వంటింటి తలుపు కిర్రుమంటోందని, ఒక్క నూనెచుక్క వేయమని సుజాత అడిగింది. నేను సీసా ముట్టుకోలేదు. ముందు రేవతికి ఫోను చేశాను.