‘పోతా’ అనకూడని వీధి

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి తమిళనాడులోని గుడియాత్తంలో మా వీధంతా గంజి వాసన వచ్చేది. లుంగీల పడుగు దారాలను వీధి ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా కర్రల మీద చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవాళ్ళు. పడుగును మేం ‘పావు’ అనేవాళ్ళం. ఎండ ముదిరేలోగా పని అయిపోవాలి... గంజి అలాగే ఆరిపోతే దారాలన్నీ చాపలా అంటుకుపోతాయి.

నేను కుంచె పడితే చాలు, ఎదురింటి మునెమ్మత్త నవ్వేది. "యేమబ్బోడా, పావు దువ్వతాండావా, పిల్లిని నిమరతాండావా?"

ఆ పావు దగ్గర కొన్ని మాటలు అనకూడదు. దారం తెగితే ‘తెగింది’ అనకూడదు... ‘కలపాల’ అని కేక పెట్టాలి. దగ్గరున్నవాళ్ళు వచ్చి ముడివేస్తారు.

ఇంట్లోనూ అంతే. దీపం ఆరదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. తాళి తెగదు, పెరుగుతుంది. గడప దాటేవాళ్ళు ‘పోతా’ అనకూడదు... ‘పొయ్యొస్తా’ అనాలి.

ఎవరైనా మరిచి ‘పోతా’ అంటే మా అవ్వ, అంటే నాయన తల్లి, ఊరుకునేది కాదు. వాళ్ళను మళ్ళీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు తాగించి, సరిగ్గా చెప్పించి పంపేది. పోస్టుమాన్ కూడా తప్పించుకోలేదు.

ఒకరోజు వీధిలో మా పావే ఉంది. అమ్మ నిండు చూలాలు. ఇంకా రోజులున్నాయనుకున్నారు... లోపలి నుంచి ఒక్కసారిగా అరుపు వినబడింది. కాసేపటికి మంత్రసాని చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"నా వల్ల కాదప్పా. బిడ్డ అడ్డం తిరిగి ఉండాది. వేలూరికి తీసుకోని పో" అంది నాయనతో.

అప్పట్లో కారును మావాళ్ళు ‘ప్లెషరు’ అనేవాళ్ళు. ఎవరో పరిగెత్తి ప్లెషరు తెచ్చారు. అది వీధి మొగలోనే ఆగిపోయింది... పావుకూ అరుగులకూ మధ్య మనిషి ఒక్కడు పక్కకు తిరిగి నడిచేంత సందే ఉంది. అమ్మను పడుకోబెట్టిన నులకమంచం అందులో పట్టదు.

నాయన ఒకసారి పావును చూశాడు. గంజి ఇంకా పచ్చిగానే ఉంది.

"యెత్తండప్పా! అందురూ ఒక పక్క అరుగులెక్కి పట్టుకోండి. కింద పడనీయొద్దండి!"

వీధి వీధంతా కదిలింది. కర్రల మీది నుంచి పావును ఎత్తి, అరుగుల మీద వరసగా నిలబడి, చేతుల మీద పట్టుకున్నారు... పసిబిడ్డను పట్టుకున్నట్టు. నన్నూ మునెమ్మత్త పక్కన నిలబెట్టారు. నా చేతుల్లో తడి దారాలు, చల్లగా, జిగటగా...

మంచం నా ముందు నుంచే పోయింది. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"పోతాండా నాయనా..." అంది.

అవ్వ ఆ మాట విని మంచం వెనక పరిగెత్తింది. "పొయ్యొస్తా అనుమే! వస్తాననుమే! రేయ్, నిలపండ్రా... లోపలికి తీసుకురాండ్రా!"

"జరుగమ్మా! మాటలకు ఇప్పుడు టైము లేదు" అని నాయన అరిచాడు.

నేనూ పరిగెత్తాలి... చేతుల్లో పావు ఉంది.

"ఇడవొద్దు నాయనా" అంది మునెమ్మత్త. ఈసారి నవ్వలేదు. "గట్టిగా పట్టుకో. మీయమ్మ వస్తాది."

ప్లెషరు చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా పట్టుకునే ఉన్నాను.

పావును తిరిగి కర్రల మీదికి చేర్చేసరికి ఎండ వచ్చేసింది. గంజి సగం ఆరిపోయింది. ఈ చివర ‘కలపాల’, ఆ చివర ‘కలపాల’... వీధంతా అదే కేక. అయినా ఒక్కరూ ‘తెగింది’ అనలేదు.

నాకు మాత్రం అమ్మ అన్న మాటే చెవుల్లో తిరుగుతూ ఉండింది. అవ్వ చేసేదంతా చూసినవాణ్ణి కదా... చెంబుతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర పెట్టి కూర్చున్నాను. అమ్మ రాగానే తాగించేస్తే సరిపోతుందనుకున్నాను.

అమ్మ వచ్చింది, కొన్నాళ్ళకు. చేతుల్లో బిడ్డ లేదు.

చెంబు అందించాను. తాగలేదు. "నా నోటి మాటే తగిలిందత్తా" అంది అవ్వతో.

"అడ్డం తిరిగిన బిడ్డకు మాటేం చేస్తాదిమే?" అన్నాడు నాయన. కానీ అమ్మ చూస్తున్నది అవ్వ ముఖం వైపు. ‘కాదులే’ అని అవ్వ ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేదో.

ఆ తరువాత అమ్మ బతికినంత కాలం, ఎవరు బయలుదేరినా గడప దాకా వచ్చి వాళ్ళ నోటివైపే చూసేది. ‘పొయ్యొస్తా’ అని వినబడ్డాకే లోపలికి వెళ్ళేది. నాచేతయితే రెండోసారి కూడా అనిపించేది.

చివరికి వేలూరు ఆసుపత్రిలో అమ్మకు మాట సరిగ్గా రాలేదు. నా చెయ్యి పట్టుకుని, కూడబలుక్కుని, "పొయ్యొస్తా నాయనా" అంది. నీళ్ళు నోటికి అందించాను... ఒక గుక్క తాగింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరూ పావు చాపడం లేదు. ఆ అరుగులు కూడా లేవు. బైకులు, ఆటోలు నేరుగా ఇంటి ముందుకే వచ్చేస్తాయి. మనవరాలు కాట్పాడిలో రైలెక్కడానికి "బై తాతా" అని ఆటో ఎక్కేస్తుంది. వెనక్కి పిలుద్దామని నోటిదాకా వస్తుంది... పిలవను. ఒక మాట మా అమ్మను జన్మంతా ఏం చేసిందో చూశాను కదా. ఆ భారం ఆ పిల్లకెందుకు?

మీ ఇళ్ళలో ఏ మాట అనకూడదనేవాళ్ళు? గుర్తుంటే రాయండి... చదువుతాను.

ఆ పిల్ల చేరానని ఫోను చేసేదాకా మాత్రం, గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టే ఉంచుతాను.