సుభద్రగారు తట్టి చూసిన తలుపు

గత వారం మా పక్కింటివాళ్ళు ఇంటి కప్పు మార్పించుకున్నారు. ఉదయం పదిన్నరకే ఎండ ముదిరింది. కొత్తగా పరిచిన తారు పట్టీలు వేడెక్కి, ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. చాలామందికి అది రోడ్డు పనుల వాసన. నాకు మాత్రం 2006 జూలైలో, నార్త్ కరోలినాలోని క్యారీలో, మా పాత కారు ముందు తలుపుల వాసన. దానితోపాటు సుభద్రగారు గుర్తుకు వస్తారు. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టిగా, సన్నగా ఉండేవారు. నూలు చీర మీద మగవాళ్ళ పనిచొక్కా తొడుక్కునేవారు. దాని జేబులో కళ్ళజోడు, ఒక పెన్సిలు, ఒక చిన్న టార్చిలైటు ఎప్పుడూ ఉండేవి. అప్పటికి ఆమెకు అరవై నాలుగేళ్ళు. ఆమె గురించి రాయాలని చాలాసార్లు కూర్చుని, వరుస కుదరక లేచి వచ్చేశాను. ఈసారి జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేను వరంగల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. హైదరాబాద్‌లో ఒక పంపుల కర్మాగారంలో పరీక్షా విభాగంలో రెండేళ్ళు పనిచేశాను. తిరిగే యంత్రం ఎంత కంపిస్తోందో కొలిచి, ఎందుకు కంపిస్తోందో చెప్పడం నా పని. 2003లో రమణతో పెళ్ళయి క్యారీకి వచ్చాను. అతనిది హెచ్-వన్ వీసా, నాది దానికి ముడిపడిన హెచ్-ఫోర్. ఆ వీసా మీద ఉండటానికి వీలుంది, ఉద్యోగం చేయడానికి లేదు. ఒక ఏడాది కొత్త ఊరు చూడటంలో గడిచింది. రెండో ఏడాది లైబ్రరీలో గడిచింది. మూడో ఏడాదికి ఒక భయం పట్టుకుంది. నేను పోగొట్టుకుంటున్నది జీతం కాదు. ఒక యంత్రం ముందు నిలబడి దానికేమైందో చెప్పగలనన్న నమ్మకం. ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే "ఇంజినీరుని" అనబోయి, రమణ ఉద్యోగం గురించి చెప్పేదాన్ని.

ఆ ఏడాది రమణ కారుకు కొత్త స్పీకర్లు పెట్టించాడు. షాపువాళ్ళు వైరింగ్ శుభ్రంగా చేసి ఇచ్చారు. అయినా పాట పెడితే స్పీకరు కన్నా తలుపే ఎక్కువ మోగేది. మృదంగం దెబ్బ పడినప్పుడల్లా పల్చటి తలుపు రేకు దానితోపాటు వణికేది. ఈ పని నేను చేస్తానన్నాను. పాట బాగా వినపడటం ఒక కారణం మాత్రమే. సమస్యను చూసి, పదార్థాన్ని ఎంచుకుని, పని పూర్తిచేసి, ఫలితాన్ని కొలవడం నాకు ఇంకా చేతనవునో కాదో తేల్చుకోవాలనుకున్నాను. చేతకాకపోతే ఆ డిగ్రీ సర్టిఫికెట్టును పెట్టె అడుక్కి నెట్టి, ఇక తీయకూడదని కూడా అనుకున్నాను.

ఇంటర్నెట్ ఫోరమ్‌లలో పది రోజులు చదివాను. శబ్దాన్ని అణచడానికి అమ్మే షీట్లలో పైన అల్యూమినియం రేకు, కింద నల్లటి జిగురు పొర ఉంటాయి. ఇళ్ళ కప్పులకు నీరు కారకుండా వేసే టేపు కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. రెండింటి బరువూ దాదాపు ఒకటే. బరువు ఒకటైతే ఫలితమూ ఒకటేనని నా లెక్క. రెండు ముందు తలుపుల లోపలి తొడుగులూ ఊడదీసి, రేకు మీద ఒక్క అంగుళం వదలకుండా ఆ టేపు అతికించాను. అడుగున కనపడిన సన్నటి కన్నాలను కూడా వదల్లేదు. సందు ఉంటే శబ్దం దూరుతుందని పుస్తకంలో చదివినదాన్ని కదా.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, తెలుగువాళ్ళం పదిమందిమి సుభద్రగారింట్లో భోజనానికి కలిశాం. అప్పటికి ఆమె నాకు ముఖపరిచయం మాత్రమే. డాక్టరుగారి భార్య అని, గోంగూర బాగా పండిస్తారని తెలుసు. మేము వెళ్ళేటప్పుడు ఆమె సాగనంపడానికి వాకిట్లోకి వచ్చి, మా కారు దగ్గర ఆగి, గాలి పీల్చారు.

"ఏవయ్యా రమణా, కారు లోపల రోడ్డు వేయిస్తున్నావా?"

అందరూ నవ్వారు. రమణ కూడా నవ్వి, "అదేం లేదాంటీ, మా స్వరూప హాబీ. స్పీకర్లు బాగా వినపడాలని తలుపుల్లో ఏదో అంటించింది," అన్నాడు.

"సిస్టర్, మిగిలింది కొంచెం మా ఇంటి కప్పుకి కూడా వేస్తారా?" అని అతని స్నేహితుడొకడు వెనకనుంచి అన్నాడు.

సుభద్రగారు అతనివైపు చూడలేదు. వేలి కణుపుతో మా తలుపు మీద ఒక చోట తట్టారు, జానెడు జరిగి మళ్ళీ తట్టారు, చెవి దగ్గర పెట్టి మూడోసారి తట్టారు.

"ఏం అంటించావమ్మాయ్?"

"రూఫింగ్ టేప్ ఆంటీ. రెండూ ఒక్కతీరుగనే ఉంటయి."

"తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకున్నావన్నమాట. ఎంత మేర వేశావు?"

"మొత్తం వేసిన. ఒక్క ఇంచ్ కూడా ఇడ్వలేదు." గర్వంగానే చెప్పాను.

"కింద నీళ్ళు పోయే కన్నాలో?"

నా జవాబు కోసం ఆగకుండా ఆమె తలుపును పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపారు. లోపల నీళ్ళు బిందెలో తొణికినట్టు తొణికాయి. అద్దం పక్కనుంచి వాన నీరు తలుపులోకి దిగడం మామూలేనని, అది పోవడానికే అడుగున కన్నాలు ఉంటాయని అప్పుడు తెలిసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది నవ్వడం కన్నా కష్టంగా ఉంది.

"పోనీండాంటీ, హాబీయే కదా," అన్నాడు రమణ, నన్ను కాపాడటానికే.

"హాబీ అనకు బాబూ. హాబీలో తప్పులుండవు, ముచ్చటే ఉంటుంది. ఇది తప్పు. ఇంజినీరు చేసిన తప్పు." నావైపు తిరిగి, "బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి కారు తీసుకురా. నాలా చీర కట్టుకుని రాకు, నాకు అలవాటు," అన్నారు.

ఇంటికి వెళ్ళే దారంతా నా ముఖం మండుతూనే ఉంది. అయినా ఒక విషయం గమనించకుండా ఉండలేకపోయాను. మూడేళ్ళ తర్వాత ఒక మనిషి నన్ను ఇంజినీరన్నది. పొగడ్తగా కాదు, అభియోగంగా. ఆ అభియోగాన్ని నేను వదులుకోదలచుకోలేదు.

బుధవారం రమణ సహోద్యోగి కారులో ఆఫీస్‌కి వెళ్ళాడు. సుభద్రగారి గరాజ్‌లో తలుపు తొడుగు తీసి, అడుగున టేపు కొంచెం లాగగానే నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. దాని జిగురు రబ్బరు కాదు, తారు. ఎండకు టేపు జారి, ఆ తారు కరిగి, అద్దం దిగే దారి దాకా వచ్చింది. ఆమె మడతకుర్చీ వేసుకుని కూర్చుని, గ్రాసరీ స్టోరులో కొన్న డ్రై ఐస్ సంచీ, ఒక జత మందపాటి చేతితొడుగులు, ఒక ప్లాస్టిక్ గరిట నా ముందు పెట్టారు. చల్లబడితే తారు పెళుసుబారుతుంది, అప్పుడు పెచ్చులుగా రాలుతుంది. కొంత సేపు గోకి, "మీరూ ఒక చెయ్యి వేస్తారా ఆంటీ?" అన్నాను.

"వెయ్యను. అంటించిన చెయ్యే ఊడదీయాలి. అప్పుడు గానీ చేతికి గుర్తుండదు."

మూడు బుధవారాలు పట్టింది. ఆ మూడు బుధవారాల్లోనే ఆమె గతం కొంత తెలిసింది. 1971లో భర్తతో అమెరికా వచ్చారు. బస్సుల బాడీలు తయారుచేసే ఒక కర్మాగారంలో పరీక్షల నివేదికలు టైపు చేసే ఉద్యోగం దొరికింది. ఇండియాలో ఆమె చదివిన ఫిజిక్స్ డిగ్రీ గురించి అక్కడ ఎవరూ అడగలేదు. ఒకసారి ఒక పట్టికలో రెండు నమూనాల అంకెలు తారుమారయ్యాయని కనిపెట్టి, వెళ్ళి చెప్పారు. టైపిస్టుకెందుకు ఇవన్నీ అన్నారట. "టైపిస్టును కాబట్టే కనిపెట్టానమ్మాయ్. వాళ్ళు సంతకం పెట్టారు, నేను చదివాను," అన్నారు. మూడు నెలల తర్వాత ఆమెను పరీక్షా విభాగానికి మార్చారు. పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నారు. బస్సులో ఏ రేకు ఎందుకు మోగుతోందో చెప్పడమే ఆమె పని.

తలుపులు శుభ్రమయ్యాక నేను మళ్ళీ షీట్ల కేటలాగు తెరిచాను. ఆమె మూసేశారు. "కొనేముందు రాయి. ఆ వస్తువు ఏం చెయ్యాలో ఒక్క క్రియాపదంలో రాయి. రాయలేకపోతే కొనకు." అప్పటిదాకా శబ్దం ఒకటేననుకున్నాను. రాయడానికి కూర్చుంటే మూడని తేలింది. స్పీకరుతోపాటు వణికే రేకును అణచాలి. బయటినుంచి వచ్చే టైర్ల హోరును అడ్డుకోవాలి. ఒకదానికొకటి తగిలి గడగడలాడే ప్లాస్టిక్ ముక్కలను విడదీయాలి. రేకుకు అతుక్కునే షీటు మొదటి పని మాత్రమే చేయగలదు. రెండోదానికి సందు లేకుండా వేలాడే బరువైన వినైల్ పొర, దాని వెనక మెత్తటి ఫోమ్ కావాలి. మూడోదానికి వేలెడు వెడల్పు ఫోమ్ పట్టీలు చాలు. ఒకే టేపుతో మూడు రోగాలకూ వైద్యం చేయబోయాను నేను.

అణచే షీటు ఎంపికకు ఆమె నాకు నెల గడువిచ్చారు. ఐదుగురు తయారీదారులకు ఉత్తరాలు రాసి నమూనా ముక్కలు తెప్పించాను. తలుపు రేకంత మందం ఉన్న బేకింగ్ ట్రేలను ఒకే కొలతలో పట్టీలుగా కత్తిరించి, ఒక్కోదానికి ఒక్కో నమూనా అంటించి, దారంతో వేలాడదీసి చెంచాతో తట్టాను. ఖాళీ పట్టీ గంటలా మోగింది. మంచి నమూనా అంటించినది చెక్కలా పలికింది. తర్వాత అన్నింటినీ ఎనభై డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు నిలువుగా వేలాడదీశాను, ఎండలో కారు తలుపు పడే పాటు పడనీయడానికి. మర్నాడు ఫ్రీజర్‌లో పెట్టాను. రమణ ఆఫీస్ నుంచి వచ్చి ఓవెన్‌లోకి తొంగిచూశాడు.

"ఇవేంటి?"

"బ్యూటైల్ రబ్బర్."

"నాకొద్దు. పిజ్జా ఆర్డర్ చేస్తా," అన్నాడు. ఆర్డర్ చేశాక వచ్చి, చెంచా తీసుకుని తనూ వరసగా తట్టి చూశాడు. "ఇది, ఈ నాలుగోది," అన్నాడు. ఆ రోజు తర్వాత అతని నోట హాబీ అన్న మాట నేను వినలేదు.

అన్నింటికన్నా బరువైన నమూనా అన్నింటికన్నా మంచిది కాలేదు. నాలుగోది మధ్యరకం మందం, కానీ పైన అల్యూమినియం రేకు దిట్టంగా ఉంది. తలుపు వణికినప్పుడు పై రేకు కదలకుండా బిగపట్టుకుంటే, మధ్యలో ఉన్న రబ్బరు పొర సాగి నలిగి, ఆ వణుకును వేడిగా మార్చేస్తుంది. అంటే పనిచేసేది బరువు కాదు, పొరల మధ్య పెనుగులాట. నా మొదటి లెక్క మొదటి పంక్తిలోనే తప్పని అలా రుజువైంది. షీటు వచ్చాక కూడా తలుపు మొత్తం కప్పబోతే సుభద్రగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"తట్టు. ఎక్కడ మోగుతుందో అక్కడే వెయ్యి."

నాలుగోవంతు వేసేసరికి ఎక్కడ తట్టినా టక్కుమంది.

"మరి మిగిలిన చోట?"

"మిగిలిన చోట వేస్తే బరువు. భయానికి వేసే బరువు."

వినైల్ పొర, ఫోమ్ పట్టీలు కూడా అమర్చాక మృదంగం మృదంగంలా వినపడింది. తలుపు నోరు మూసుకుంది. హైవే మీద శబ్దం కొలిచే ఆమె పాత మీటరుతో చూస్తే టైర్ల హోరు మాత్రం మూడు డెసిబెల్స్ తగ్గింది. నేను పది ఆశించాను. "మూడేనా ఆంటీ?" అన్నాను. "మూడే. రాయి," అన్నారు.

ఏడాదిన్నర తర్వాత, 2008 మొదట్లో, ట్రక్కుల క్యాబిన్లు తయారుచేసే ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. వాళ్ళు తీసుకుంటే వీసాకు వాళ్ళే దరఖాస్తు చేస్తారు. ఐదేళ్ళ ఖాళీ గురించి అడుగుతారని తెలుసు. ఆ తలుపుల పని మీద ఆరు పేజీల నివేదిక తయారుచేసి సుభద్రగారికి చూపించాను. ఓవెన్ పరీక్షతో మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా చదివి, "తారు టేపు ఏది?" అన్నారు.

"అది ఎందుకాంటీ? ఉద్యోగం అడగబోతూ..."

"అది లేకపోతే ఓవెన్‌లో ఎందుకు పెట్టావో ఎవడికి అర్థమవుతుంది? మొదటి పేజీలో పెట్టు."

పెట్టాను. ఇంటర్వ్యూలో ఆ విభాగాధిపతి, నెరిసిన గడ్డం ఉన్న మనిషి, ఊహించినట్టే అడిగాడు: "ఈ ఐదేళ్ళు ఏం చేశారు?" కుటుంబాన్ని చూసుకున్నానని చెప్పడానికి సిద్ధపడిన వాక్యం ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని వదిలేసి, "రెండు కారు తలుపులు పాడుచేశాను. తర్వాత వాటిని బాగుచేశాను," అని నివేదిక ముందుకు జరిపాను. అతను మొదటి పేజీ దగ్గరే చాలాసేపు ఆగాడు. నీటి కన్నాల ఫోటో మీద వేలు పెట్టి, తమ దగ్గరా ఒకరు ఇదే చేశారని, కానీ ఎవరూ కాగితం మీద రాయలేదని అన్నాడు. తర్వాత గంటన్నర మేము ఆ ఐదేళ్ళ గురించి మాట్లాడుకోలేదు. రేకుల గురించే మాట్లాడుకున్నాం.

ఉద్యోగం వచ్చింది. వీసా లాటరీలో నా దరఖాస్తు ఎంపికైందని జూన్‌లో తెలిసింది. పరుగున వెళ్ళి చెప్తే, సుభద్రగారు గోంగూర మడి దగ్గర లేచి నిలబడి, చేతుల మట్టి దులుపుకున్నారు.

"ఎప్పట్నించి?"

"అక్టోబర్ ఫస్ట్ నుంచి ఆంటీ."

"అయితే ఇంకా నాలుగు నెలలుంది. వెనక తలుపులు మిగిలాయి కదా."

వెనక తలుపులు పూర్తిచేశాం. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆమె కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు, అక్కడే పోయారు. నేను ఇప్పటికీ క్యాబిన్ల శబ్దాల మీదే పనిచేస్తున్నాను. నేను రాసే ప్రతి నివేదికలో మొదటి పేజీ విఫలమైన నమూనాదే: ఏం వాడాం, ఎందుకు వాడాం, ఎక్కడ ఓడిపోయింది. ఇన్నేళ్ళలో ముగ్గురు మేనేజర్లు మారారు. ముగ్గురూ ఆ పేజీని వెనక్కి జరపమన్నారు. జరపలేదు.